అతిమధురంతో కడుపు మంట తగ్గింది, బీపీ పెరిగింది: డాక్టరుకు ఎలా చెప్పను?

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆవిడ వయసు 57. ఆరేళ్ళుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వాడుతున్నారు. రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. నొప్పి ఎక్కువైనప్పుడు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకుంటారు. "వారంలో నాలుగైదు రోజులు తప్పడం లేదు" అని రాశారు. పోయిన సంక్రాంతి తర్వాత కడుపులో మంట, పుల్లటి తేన్పులు, రాత్రి పడుకోగానే గొంతులోకి ఎగదన్నడం మొదలయ్యాయి. డాక్టరు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ రాశారు. నెల రోజులు టిఫిన్ తిన్నాక వేసుకున్నారు, గుణం కనిపించలేదు.

అప్పుడు బెంగళూరులో ఉండే పెద్దాడపడుచు ఒక మూలికా మాత్రల డబ్బా పంపారు. ఒక్కో మాత్రలో అతిమధురం సారం 500 మి.గ్రా. రోజుకు రెండు వేసుకోవాలని డబ్బా మీద ఉంది. పది రోజుల్లో మంట తగ్గింది. "ఎన్నాళ్ళకో ఆవకాయ అన్నం తిని హాయిగా నిద్రపోయాను" అని రాశారు. ఆ ధైర్యంతో పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు మాత్రలు చేశారు. సాయంత్రం అతిమధురం చెక్క వేసి కాచిన కషాయం కూడా మొదలుపెట్టారు.

మూడో నెలలో పాదాలు వాచాయి. సాయంత్రానికి మెట్టెలు బిగుసుకుపోతున్నాయట. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. బీపీ 168/98 చూపించింది. డాక్టరు ఆమ్లోడిపిన్ 10కి పెంచారు. అయినా దిగకపోతే మూడు వారాల కింద నీరు పోయే మాత్ర ఒకటి కలిపారు. అప్పటి నుంచి పిక్కల బాధ ఇంకా ఎక్కువైంది, మెట్లెక్కుతుంటే తొడల్లో బలం ఉండటం లేదు. అతిమధురం సంగతి మాత్రం డాక్టరుకు ఇప్పటికీ చెప్పలేదు. "మూలికే కదా, వంటింటి వస్తువులాంటిదే అనుకున్నాను. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారు."

అబ్బాయి మానేయమంటున్నాడు. ఆడపడుచు మాత్రం వాపు ఇంగ్లీషు మందుల వల్లే అంటున్నారు. భర్త "కడుపు బాగుంది కదా, ఇప్పుడు గొడవెందుకు" అంటున్నారు. మానేస్తే మంట తిరిగొస్తుందని ఆవిడ భయం. తగ్గించి వాడొచ్చా, తీపి తీసేసిన రకం ఏదో ఉందట, అది వాడొచ్చా, డాక్టరుకూ ఆడపడుచుకూ నొప్పి కలగకుండా ఎలా చెప్పాలి అని అడిగారు.

* * *

అమ్మా,

మిగతా మాటల కన్నా ముందు ఒక పని. ఈ జవాబు చదివిన రోజు నుంచి ఆ మాత్రలు, కషాయం ఆపండి. బీపీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళి సీరం ఎలక్ట్రోలైట్స్ (పొటాషియం లాంటి లవణాలకు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకు) అనే రక్త పరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. ఈలోగా గుండె దడదడలాడినా, తల తిరిగి తూలినా, కుర్చీలోంచి లేవలేనంత నీరసం వచ్చినా రేపటి దాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళండి. తొడల్లో బలం తగ్గిందని మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ వాక్యమే. పొటాషియం బాగా పడిపోయినప్పుడు కనిపించే లక్షణం అది.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను. ఇంట్లో ముగ్గురు మూడు మాటలు అంటున్నారు. మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది, అందుకే మీకు ఎటూ తేలడం లేదు.

ముందుగా, మీ కడుపు మంట తగ్గిన మాట నిజం. అది మీ భ్రమ కాదు. అతిమధురం మన వైద్యంలో కొత్తదీ కాదు. చరక సంహిత దాన్ని జీవనీయ ద్రవ్యాల్లో, అంటే ప్రాణశక్తినిచ్చేవాటిలో చేర్చింది. మా తాతగారు హరికథలు చెప్పేవారు. కథ ఉన్న రాత్రి చొక్కా జేబులో కాగితంలో చుట్టిన అతిమధురం చెక్క ఉండాల్సిందే. పైన మట్టిరంగు, విరిస్తే లోపల పసుపు, నారనారగా ఉంటుంది. నమిలితే ముందు కట్టెపుల్ల నమిలినట్టే ఉంటుంది, కాసేపటికి తీపి మొదలై చాలాసేపు నోట్లోనే ఉండిపోతుంది. ఆ తీపికి కారణం గ్లైసిరైజిన్ అనే పదార్థం, పంచదార కన్నా 30 నుంచి 50 రెట్లు తియ్యగా ఉంటుంది. మీ కథలో చిక్కంతా ఆ తీపి దగ్గరే ఉంది.

కడుపుకు మేలు చేసి కాళ్ళకు నీరు తెచ్చిన కథ మీతో మొదలైంది కాదు. 1946లో నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే డాక్టరు, కడుపులో పుండ్లున్న రోగులకు అతిమధురం సారం ఇస్తే తగ్గుతోందని రాశారు. దాంతో పాటే, అయిదుగురిలో ఒకరికి ముఖం, కాళ్ళు వాస్తున్నాయని కూడా గమనించారు. తర్వాత బ్రిటన్‌లో ఆ మూలిక నుంచే కార్బెనాక్సలోన్ అనే అల్సర్ మందు తయారుచేశారు. 1960లలో బాగానే వాడారు. పుండ్లు మానేవి, కానీ బీపీ పెరగడం, ఒళ్ళు నీరు పట్టడం, పొటాషియం పడిపోవడం దాన్నీ వదల్లేదు. ఆ ఇబ్బందులు లేని కొత్త మందులు రాగానే అది మూలన పడింది. మీ డబ్బాలో ఉన్నది ఆ గుణమూ ఆ దోషమూ రెండూ ఉన్న పదార్థమే.

దోషం ఎలా వస్తుందో చెబుతాను. ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెట్టి, పొటాషియంని బయటికి పంపమని కిడ్నీకి చెప్పేది ఆల్డోస్టిరాన్ అనే హార్మోను. కార్టిసాల్ అనే ఇంకో హార్మోను కూడా అదే మాట కిడ్నీకి చెప్పగలదు, పైగా రక్తంలో అది చాలా ఎక్కువ ఉంటుంది. అందుకని కిడ్నీలో ఒక ఎంజైము కాపలా ఉండి, కార్టిసాల్ వచ్చింది వచ్చినట్టు దాని పదును తీసేస్తుంటుంది. అతిమధురం ఆ కాపలాదారును నిద్రపుచ్చుతుంది. ఇక కార్టిసాల్ పగ్గాలు లేకుండా పనిచేస్తుంది. ఉప్పు, నీరు నిలుస్తాయి, బీపీ ఎక్కుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. మెట్టెలు బిగుసుకోవడం, పిక్కలు పట్టేయడం, బీపీ మందులకు లొంగకపోవడం మూడూ ఈ ఒక్క దారిలో కలుస్తాయి.

అయితే మీ వదినగారి మాట కూడా పూర్తిగా కొట్టిపారేయను. ఆమ్లోడిపిన్‌కు పాదాలు వాచే గుణం ఉంది, మోతాదు 10కి పెంచాక ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. మీరు షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలూ ఒంట్లో నీరు నిలబెడతాయి, బీపీ పెంచుతాయి. అంటే వాపుకు మీ ఇంట్లోనే ముగ్గురు అనుమానితులున్నారు. కానీ ఆమ్లోడిపిన్ గానీ నొప్పి మాత్ర గానీ పొటాషియంని ఇలా లాగేయవు. లాగేసేవి అతిమధురం, దాని మీద కలిపిన నీరు పోయే మాత్ర. ఆ మాత్ర కలిపాకే పిక్కల బాధ ఎక్కువైందని మీరే రాశారు. డాక్టరు తప్పు రాశారని కాదు. ఆయనకు కనిపించింది మొండికేసిన బీపీ, దానికి తగ్గ మందు రాశారు. అతిమధురం సంగతి తెలిస్తే ఆ మందు జోలికి వెళ్ళేవారు కాదేమో.

మోతాదు లెక్క కూడా ఒకసారి చూడండి. మీ డబ్బా మీద సారం 500 మి.గ్రా. అని ఉంది కానీ అందులో గ్లైసిరైజిన్ ఎంతో లేదని రాశారు. నూటికి పది పాళ్ళు అనుకుందాం. మాత్రకు 50 మి.గ్రా., రోజుకు ఆరు మాత్రలకు 300. కషాయం దీనికి అదనం. యూరప్‌లో మామూలు ఆరోగ్యవంతులకు రోజుకు 100 మి.గ్రా. దాటవద్దని 2003లో నిపుణుల సంఘం చెప్పింది. మన ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణ గ్రంథం) కూడా యష్టి, అంటే అతిమధురం చూర్ణాన్ని రోజుకు 2 నుంచి 4 గ్రాములే చెబుతుంది, అది కూడా మామూలు చూర్ణం లెక్క. చిక్కటి సారం అంతకన్నా బలమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రంలోనూ డాక్టరు సలహా లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలకు మించి వాడొద్దనే ఉంది. మీరు వాడింది మూడు నెలల పైమాట. మీకు చికిత్స చేసే ఆయుర్వేద వైద్యుడు ఉండి ఉంటే బీపీ ఉందా అని మొదటి రోజే అడిగేవారు. ఇందులో ఆయుర్వేదం తప్పేమీ లేదు. వైద్యుడు లేకుండా వైద్యం జరిగింది, అంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పూర్తిగా మానేయడం ఒకటి. నేను పైన చెప్పింది అదే. దీనివల్ల జరిగేవి ముందే తెలుసుకోండి. ఒంట్లో దాని ప్రభావం రాత్రికి రాత్రి పోదు. రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నాలుగు రోజులకే "మానేసినా వాపు తగ్గలేదు" అని నిరాశపడకండి. ఆ తర్వాత బీపీ కిందికి దిగడం మొదలవుతుంది, అప్పుడు ఇప్పటి మందులు మీకు ఎక్కువైపోవచ్చు. పొద్దున్నే కాఫీకి ముందు, అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాక, బీపీ చూసి తేదీ వేసి రాసుకోండి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరుకు ఫోన్ చేయాలి. నీరు పోయే మాత్రను ఉంచాలా తీసేయాలా అన్నది మాత్రం పొటాషియం రిపోర్టు చూశాక ఆయనే చెప్పాలి. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళతో సరిపెట్టుకుందాం అనిపిస్తుంది. పొటాషియం ఎంత తగ్గిందో, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియకుండా ఆ లెక్క ఇంట్లో తేలేది కాదు.

తగ్గించి రోజుకు రెండే వేసుకుంటే? మీ మనసు ఇటే మొగ్గుతోందని నాకు తెలుస్తోంది. బీపీ లేని, వేరే మందులు వాడని ముప్పై ఏళ్ళ మనిషి రెండు వారాలు అలా వాడతానంటే నేను పెద్దగా అడ్డు చెప్పను. మీ సంగతి వేరు. బీపీ ఉన్నవాళ్ళలో, వయసు మీరినవాళ్ళలో ఇది తక్కువ మోతాదులోనే తేడా చేస్తుంది. పైగా ఎంత తగ్గించినా, లేబుల్ మీద అంకె లేనప్పుడు ఎంత మింగుతున్నారో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. మీ స్థానంలో నేనుంటే ఈ దారి పట్టను.

తీపి తీసేసిన రకం అని మీరు విన్నది నిజమే. దాన్ని డీజీఎల్ అంటారు. గ్లైసిరైజిన్‌ని చాలావరకు తొలగించిన అతిమధురం. సాధారణంగా భోజనానికి ఇరవై నిమిషాల ముందు నమిలి మింగే బిళ్ళల రూపంలో దొరుకుతుంది. బీపీ, పొటాషియం గొడవలు దీనితో చాలా తక్కువ. కడుపుకు మేలు చేస్తుందా అంటే, కొంతమందికి చేస్తుంది, గట్టి రుజువులు మాత్రం తక్కువే. గ్లైసిరైజిన్ బాగా తగ్గించిన మరో రకం సారాన్ని అజీర్తి ఉన్న 50 మంది మీద 30 రోజులు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు రెండుసార్లు 75 మి.గ్రా. చొప్పున ఇస్తే ఉపశమనం కనిపించింది. చిన్న పరీక్షే, కానీ ఆశ కలిగించేదే. మీరు దీన్ని ప్రయత్నించాలనుకుంటే నా షరతులు రెండు: ముందు మీ పొటాషియం, బీపీ కుదుటపడాలి, డబ్బా మీద గ్లైసిరైజిన్ శాతం అంకెతో సహా ఉండాలి. "సహజం", "వంద శాతం మూలిక" అన్న మాటలు అంకె కావు.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది అసలు మంట ఎందుకొచ్చిందన్నది. మీ ఉత్తరంలో దానికి జవాబు సగం ఉంది, మీరు గమనించలేదు. వారంలో నాలుగైదు రోజులు నొప్పి మాత్ర. కడుపు లోపలి పొరను కోసేసే మందుల్లో అవి మొదటి వరసలో ఉంటాయి. అతిమధురం ఆ గాయానికి పూత పూస్తుంటే, నొప్పి మాత్ర రోజూ కొత్త గాయం చేస్తోంది. మోకాళ్ళకు వేరే దారి చూడమని డాక్టరును అడగండి. తొడ కండరాలకు ఫిజియోథెరపీ వ్యాయామాలు, పైపూతగా రాసుకునే జెల్, అవసరమైన రోజున పారాసెటమాల్ ఇవన్నీ ఉన్నాయి.

రెండోది, పాంటాప్రజోల్ పనిచేయలేదని మీరు దాన్ని వదిలేశారు. దాన్ని టిఫిన్ తిన్నాక వేసుకున్నానని రాశారు. అది పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాల్సిన మందు. తిన్నాక వేసుకుంటే దాని బలం తగ్గవచ్చు. అది మీకు పడని మందు కాదు, సరైన వేళకు పడని మందు. అతిమధురం మానేశాక మంట తిరిగొస్తే ఏం చేయాలన్న మీ భయానికి మొదటి జవాబు ఇదే కావచ్చు. డాక్టరును అడిగి ఈసారి వేళకు వేసుకుని చూడండి.

మూడోది, యాభై దాటాక కొత్తగా వచ్చిన కడుపు మంటను మందులతో కప్పి ఉంచకూడదు. నొప్పి మాత్రలు వాడేవాళ్ళలో అసలే కూడదు. హెచ్. పైలోరీ అనే క్రిమికి పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేయించుకోండి. మలం తారులా నల్లగా వస్తే అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళండి. ముద్ద మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఎండోస్కోపీ ఒక్క వారం కూడా వాయిదా వేయవద్దు. మీ మంట తగ్గిందన్న మాట నాకు సంతోషమే. కానీ పుండు ఉన్నా మంట తగ్గొచ్చు.

రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకుంటామని రాశారు. మీ వారి షాపు మూసే వేళ అది, మార్చడం కష్టమే. మీరొక్కరైనా ఏడింటికి తినేసి, ఆయన వచ్చాక పక్కన కూర్చోండి. ఇది మీ ఇంట్లో అలవాటు లేని పని, మొదటి వారం ఇద్దరికీ ఎలాగో ఉంటుంది. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. దిండ్లు ఎన్ని పెట్టినా మెడ ఒంగుతుందే తప్ప లాభం ఉండదు.

ఇక డాక్టరుకు చెప్పడం. ముప్పై ఏళ్ళుగా రోగుల్ని చూస్తున్నదాన్ని, ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని చెబుతున్నాను. దాచిన రోగి మీద కోపం వస్తుందన్నది నిజమే, ఒక్క నిమిషం. ఆ తర్వాత వచ్చేది "అమ్మయ్య, కారణం దొరికింది" అన్న ఊరట. మందులు పెంచుతున్నా దిగని బీపీ మీ డాక్టరుకు కూడా టెన్షనే. లోపలికి వెళ్ళగానే సంజాయిషీలు లేకుండా ఇలా చెప్పండి: "డాక్టరుగారూ, మూడు నెలలుగా ఈ మాత్రలు రోజుకు ఆరు వేసుకున్నాను, కషాయం కూడా తాగాను. నొప్పి మాత్ర వారంలో నాలుగైదు రోజులు వేసుకుంటున్నాను. నిన్నటితో అతిమధురం ఆపేశాను." డబ్బా, నొప్పి మాత్రల అట్ట రెండూ సంచిలో పెట్టుకుని వెళ్ళి బల్ల మీద పెట్టండి. మాట తడబడినా అవే చెబుతాయి. అంతా విన్నాక కూడా ఆయన పరీక్ష రాయకుండా తిట్టి పంపితే మరో డాక్టరును చూడడంలో తప్పు లేదు.

వదినగారి విషయంలో మీరు రాసిన ఒక మాట నన్ను ఆపింది. "నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా కూర్చున్న మనిషి. ఆవిడ పంపింది పడలేదంటే నేను ఆవిడనే కాదన్నట్టు అవుతుంది." అలా కానక్కర్లేదు. మందు పనిచేయలేదని మీరు చెప్పాల్సిన పని లేదు, అది పనిచేసింది. "వదినా, మీరు పంపినవి కడుపుకు బాగా పనిచేశాయి. కానీ నాకు బీపీ ఉండడం వల్ల ఇది పడదట, పైగా డబ్బా మీద చెప్పిన దానికి మూడు రెట్లు వేసుకున్నాను" అని చెప్పండి. ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఆవిడ మీద ఒక్క నింద లేదు. వాపు ఇంగ్లీషు మందుల వల్లేనని ఆవిడ మళ్ళీ అంటే వాదించకండి. "అవీ చూపిస్తున్నాను, పొటాషియం పరీక్ష చేయించుకున్నాను" అనండి. మీ వారికి మాత్రం రిపోర్టు కాగితం చేతికివ్వండి. గొడవ వద్దనుకునే మనిషికి మాటల కన్నా అంకె తొందరగా అర్థమవుతుంది.

డబ్బా పక్కన పెట్టేశాక ఇంట్లో మిగతావి కూడా ఒకసారి చూడండి. దగ్గు మందులు, గొంతు బిళ్ళలు, విరేచనం సాఫీగా అవడానికి వాడే కొన్ని చూర్ణాల్లో కూడా అతిమధురం ఉంటుంది. లేబుల్ మీద యష్టిమధు అనో, ములేఠీ అనో రాసి ఉండవచ్చు. దగ్గొచ్చినప్పుడు ఒక పూట బిళ్ళ చప్పరిస్తే ఏమీ కాదు. రోజూ వాడేది ఏదైనా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించే సంచిలో దాన్నీ వేయండి.

ఇంకొకటి. వదినగారికి 64 అనీ, రెండేళ్ళుగా ఆవిడ కూడా ఇవే మాత్రలు వాడుతున్నారనీ రాశారు. ఫోన్ చేసినప్పుడు ఆవిడ బీపీ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో అడగండి.